నిమ్మ నిండా గజ్జి, పక్క వరుసలో బత్తాయి శుభ్రం: బాక్టీరియా స్ట్రెయిన్ వేరు అనుకోవచ్చా?

ప్రశ్న: పెన్నాతీరం

అందరికీ నమస్కారం. నేను మొక్కల తెగుళ్ల విభాగంలో ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది పొదలకూరు దగ్గర ఒక పల్లె. మా నాన్నగారికి మూడెకరాల నిమ్మతోట ఉంది. తూర్పు గట్టు వెంబడి రెండు వరుసల బత్తాయి కూడా ఉంది. పోయిన కార్తీకంలో ముసురు పట్టి వారం రోజులపాటు వదలకపోవడంతో నిమ్మ చెట్లకు గజ్జి తెగులు (జాంథోమోనాస్ సిట్రి అనే బాక్టీరియా తెచ్చేది) విపరీతంగా సోకింది. ఆకులకు రెండు వైపులా, లేత కొమ్మల మీద, కాయల మీద గరుకైన బెరడు మచ్చలు లేచాయి. మచ్చ నడుమ పగిలి గుంట పడి ఉంటుంది, ఆకును వెలుగుకు అడ్డం పట్టి చూస్తే చుట్టూ పసుపు వలయం స్పష్టంగా తెలుస్తుంది. అయితే అక్కడికి ఆరు మీటర్ల దూరంలో ఉన్న బత్తాయి మీద ఎంత వెతికినా ఒక్క మచ్చ కూడా నాకు కనిపించలేదు.

మచ్చ అంచును బ్లేడుతో కోసి నీటిచుక్కలో పెట్టి మైక్రోస్కోపు కింద చూశాను. కోసిన అంచు నుంచి బాక్టీరియా పొగలాగా పాయలుపాయలుగా బయటికి వచ్చింది. ప్లేట్ల మీద పెంచి 11 ఐసొలేట్లు, అంటే విడివిడి బాక్టీరియా నమూనాలు, వేరు చేశాను. అన్నీ పసుపు రంగులో, ఉబ్బెత్తుగా, జిగురుగా ఉన్న కాలనీలే. పీటీహెచ్ఏ అనే జన్యువును పట్టే ప్రైమర్ (చిన్న డీఎన్ఏ తునక) జతతో పీసీఆర్ (ఎంచుకున్న డీఎన్ఏ ముక్కను నకళ్లుగా పెంచి చూసే పరీక్ష) చేస్తే 11 ఐసొలేట్లకూ 198 బేస్ జతల బ్యాండ్ వచ్చింది. ప్లాస్మిడ్ (క్రోమోజోముకు బయట ఉండే చిన్న డీఎన్ఏ వలయం) మీది ముక్కను పట్టే పాత ప్రైమర్లతో, అంటే 222 బేస్ జతల బ్యాండ్ ఇచ్చే జతతో చేసినప్పుడు మాత్రం తొమ్మిదింటికి బ్యాండ్ బాగా వచ్చింది, ఒకదానికి మసకగా వచ్చింది, ఒకదానికి అసలు రాలేదు.

నిమ్మకు మాత్రమే సోకే ఏ-స్టార్ అనే పేథోటైపు (ఏ మొక్కలకు సోకుతుందన్నదాన్ని బట్టి విడదీసిన బాక్టీరియా రకం) ఉందని చదివాను. బత్తాయికి సోకకపోవడాన్నీ, ఒక ఐసొలేటుకు బ్యాండ్ రాకపోవడాన్నీ కలిపి చూసి మా తోటలో ఉన్నది ఏ-స్టార్ అని రాయవచ్చా? బాక్టీరియాను గుర్తించడానికి వాడే 16ఎస్ జన్యువును సీక్వెన్స్ చేయిస్తే (దాని డీఎన్ఏ అక్షరాల వరుసను చదివిస్తే) తేలిపోతుందని నా సహాధ్యాయి అంటున్నారు. సీక్వెన్సింగుకు నా దగ్గర ఉన్న డబ్బు తక్కువ కాబట్టి అడిగి తెలుసుకుని ఖర్చుపెడదామని ఇక్కడ రాస్తున్నాను.

సమాధానం: తెల్లకోటు

పెన్నాతీరం గారూ, మీరు పని పద్ధతిగానే చేశారు, కానీ ముగింపుకు కొంచెం తొందరపడుతున్నారు. ముందు తోటలో మీరు చూసిన దాని గురించి చెబుతాను, ఎందుకంటే చాలా మంది పొరబడేది అక్కడే.

బత్తాయి కంటే నిమ్మకు గజ్జి సహజంగానే ఎక్కువగా సోకుతుంది. అన్ని రకాల సిట్రస్‌కూ (నిమ్మ, నారింజ కుటుంబపు చెట్లకు) సోకే 'ఏ' అనే పేథోటైపు తోటలో ఉన్నప్పటికీ, ఒకే వానలో తడిసిన నిమ్మ గుల్లయిపోయి బత్తాయి దాదాపు శుభ్రంగా ఉండడం అరుదేమీ కాదు. రెండో సంగతి చిగురు. ఈ బాక్టీరియా ఆకుమీది పత్రరంధ్రాల గుండా, గాయాల గుండా లోపలికి పోతుంది. పూర్తి పరిమాణంలో సగం నుంచి ముప్పాతిక వంతు వరకు పెరిగిన లేత ఆకుల్లోకి అది తేలికగా ప్రవేశిస్తుంది, ముదిరిన ఆకు గాయపడితే తప్ప దానికి లొంగదు. నిమ్మ ఏడాది పొడవునా ఎంతో కొంత చిగురిస్తూనే ఉంటుంది, బత్తాయి చిగుళ్లు మాత్రం విడతలవారీగా వస్తాయి. మీరు చెప్పిన ముసురు నాటికి మీ బత్తాయి మీద లేత చిగురు ఉందో లేదో నాన్నగారిని అడగండి. లేదంటే ఆ చెట్లు తప్పించుకున్నది చిగురు లేకపోవడం వల్ల కావచ్చు, దాన్ని బట్టి బాక్టీరియా జాతకం చెప్పలేము. చిగురు ఉండి, దానికి పాముపొడ పురుగు కూడా పట్టి, అయినా మచ్చ రాలేదంటే అప్పుడు మీ అనుమానానికి బలం ఉంటుంది. ఎందుకంటే ఆ పురుగు తొలిచిన దారులు ఈ బాక్టీరియాకు తెరిచిన వాకిళ్ల వంటివి.

ఇక పీసీఆర్ విషయం. పీటీహెచ్ఏ అనేది గజ్జి మచ్చ పుట్టడానికి మూలమైన జన్యువు. అది 'ఏ', ఏ-స్టార్, ఏ-డబ్ల్యూ అనే మూడు పేథోటైపుల్లోనూ ఉంటుంది. దక్షిణ అమెరికాలో కనిపించిన బీ, సీ రకాల్లో కూడా దాని దగ్గరి చుట్టాలు ఉంటాయి. అందువల్ల మీ 198 బ్యాండ్ చెప్పేది ఇది గజ్జి బాక్టీరియా అన్నంత వరకే. 222 బ్యాండ్ ఇచ్చే ప్రైమర్లు ప్లాస్మిడ్ మీది ఒక ముక్కను పట్టుకుంటాయి. కొన్ని ఏ-స్టార్ స్ట్రెయిన్లకు అవి పలకవన్నది నిజమే. కానీ డీఎన్ఏ పలచగా ఉన్నా, నిమ్మ ఆకులోని ఫినాల్ పదార్థాలు ట్యూబులో మిగిలినా కూడా అవి పలకవు. మీరు శుద్ధమైన కాలనీ నుంచి డీఎన్ఏ తీశారా, లేక మచ్చ కణజాలం నుంచి నేరుగా తీశారా అన్నది రాయలేదు. మసక బ్యాండ్ గురించి విన్న వెంటనే నాకు గుర్తుకు వచ్చేది డీఎన్ఏ నాణ్యత, ఆ తర్వాతే కొత్త పేథోటైపు. ఆ రెండు ఐసొలేట్లను మళ్లీ ఒక్కొక్క కాలనీగా గీసి, శుభ్రమైన డీఎన్ఏ తీసి, మొత్తం బాక్టీరియాకు పలికే ఒక సాధారణ ప్రైమర్ జతను పక్కన పోలికకు (కంట్రోల్‌గా) పెట్టి మరోసారి చేయండి.

ప్లేటు మీద పసుపు కాలనీలు అన్నారు కాబట్టి ఒక మాట. సిట్రస్ ఆకుల మీద పాంటోయియా అనే హాని చేయని బాక్టీరియా కూడా పసుపుగానే పెరుగుతుంది. అది 28 డిగ్రీల దగ్గర ఒక్క రోజులోనే ప్లేటు నిండా పరుచుకుంటుంది. మన జాంథోమోనాస్ సిట్రి కంటికి కనిపించడానికి రెండు మూడు రోజులు పడుతుంది. మొదటి రోజు వచ్చిన కాలనీలను చూసి సంతోషించి వాటినే దాచుకున్న విద్యార్థులు నాకు తెలుసు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, ఒకప్పుడు నేనూ ఆ పనే చేశాను.

16ఎస్ మీద డబ్బు పెట్టకండి. జాంథోమోనాస్ ప్రజాతిలో 16ఎస్ దాదాపు ఒకేలా ఉంటుంది. అది ప్రజాతి పేరు చెప్పి ఊరుకుంటుంది. గైర్-బీ జన్యువు అంతకంటే చాలా మెరుగు. వీలుంటే దానితో పాటు ఏటీపీ-డీ, డీఎన్ఏ-కే, ఈఎఫ్‌పీ జన్యువుల ముక్కలను కూడా కలిపి చూస్తారు. అయితే పేథోటైపును నిర్ణయించేది ఇవేవీ కావు, మొక్క మీద చేసే పరీక్షే. 'ఏ' పేథోటైపు అనేక సిట్రస్ జాతుల మీద మచ్చలు వేస్తుంది. ఏ-స్టార్, ఏ-డబ్ల్యూ ప్రధానంగా మన కాగ్జీ నిమ్మకూ అలిమో అనే మరో జాతికీ పరిమితం. కాబట్టి మీ 11 ఐసొలేట్లను నిమ్మ ఆకులోకీ బత్తాయి ఆకులోకీ సూది లేని సిరంజితో ఎక్కించి చూడండి. ఒక మిల్లీలీటరుకు 10 కోట్ల కణాలున్న చిక్కటి ద్రావణం ఒకటి, దాన్ని వందవంతుకు పలచన చేసింది ఒకటి పెట్టుకోండి. చిక్కటి దానితో రెండు మూడు రోజుల్లో ఆకు ఎండి గోధుమరంగుకు తిరిగితే అది మొక్క ప్రతిఘటన. పలచటి దానితో ఏడు నుంచి 14 రోజుల్లో పొక్కులు లేస్తే అది రోగం. పక్కన ఉత్తి నీరు ఎక్కించిన ఆకు తప్పనిసరిగా ఉండాలి. తెంపిన ఆకులతో ల్యాబులోనే చేయండి, తోటలో మాత్రం వద్దు.

పరీక్షలో ఏదైనా ఐసొలేటు బత్తాయిని రోగపీడితం చేయకుండా ఎండిపోయేలా చేసిందనుకోండి, అప్పుడు జాప్-ఏజీ అనే జన్యువు కోసం పీసీఆర్ చేయండి. దీనికి పాత పేరు ఏవీఆర్-జీఎఫ్1. అమెరికాలోని ఫ్లోరిడాలో కనిపించిన ఏ-డబ్ల్యూ స్ట్రెయిన్లన్నింటిలోనూ ఇది ఉంది, కొన్ని ఏ-స్టార్ స్ట్రెయిన్లలోనూ ఉంది. ఇది ఉన్న స్ట్రెయిన్లను గ్రేప్‌ఫ్రూట్, బత్తాయి వంటి తీపి నారింజ జాతులు వెంటనే గుర్తుపట్టి తమ కణాలను తామే చంపుకుని తెగులును అక్కడికక్కడే ఆపేస్తాయి. ఈ జన్యువు గజ్జి బాక్టీరియాకు పొరుగు నుంచి వచ్చి ఉండవచ్చని పరిశోధకుల అనుమానం. ఆ పొరుగు ఎవరంటే జాంథోమోనాస్ సిట్రి పేథోవార్ బిల్వే, అంటే మన మారేడు చెట్టు మీద తెగులు తెచ్చే బాక్టీరియా. శివాలయాల ఆవరణల్లో మారేడు, పెరళ్లలో నిమ్మ పక్కపక్కనే పెరిగే దేశంలో ఉన్నాం కాబట్టి మన దగ్గరి ఐసొలేట్లను శ్రద్ధగా చూడాలి. తొందరపడి పేరు పెట్టకూడదని నేను చెప్పడం కూడా అందుకే.

సమాధానం: అంట్లమడి

నేను చదువుకున్నది ఇంటర్మీడియెట్ వరకే, నర్సరీ నడుపుతున్నాను. మీ చర్చ ఆసక్తిగా చదివాను కానీ రెండు సందేహాలు. ఆ బాక్టీరియాకు ఏ అన్నా, ఏ-స్టార్ అన్నా రైతు కొట్టే మందు మారదు కదా, మరి ఇంత శ్రమ ఎందుకు? రెండోది, మచ్చలు లేని నిమ్మ మొక్కలను కూడా పీసీఆర్‌కు పంపించి గజ్జి లేదని ధ్రువపత్రం తెచ్చుకోవచ్చా? కొనేవాళ్లు ఈ మధ్య అడుగుతున్నారు.

సమాధానం: తెల్లకోటు

అంట్లమడి గారూ, మందు మారదన్నది నిజమే: రాగి మందు, రోగం పట్టిన కొమ్మల కత్తిరింపు, పాముపొడ నివారణ, ఏ రకానికైనా ఇవే. తేడా వచ్చేది ఎవరికి ముప్పు అన్న చోట. నిమ్మకే పరిమితమైన రకమైతే పక్కనున్న బత్తాయి తోట రైతుకు భయం లేదు. 'ఏ' పేథోటైపు అయితే ఈ ఏడు తప్పించుకున్న బత్తాయి రేపటి చిగురులో చిక్కవచ్చు. ఒకే మడిలో నిమ్మ మొక్కలూ బత్తాయి అంట్లూ కలిపి పెంచే మీ వంటి వారికి ఇది ముఖ్యమైన సమాచారమే.

రెండో సందేహానికి వస్తే, గజ్జికీ గ్రీనింగ్ తెగులుకూ ఇక్కడ పెద్ద తేడా ఉంది. గ్రీనింగ్ బాక్టీరియా చెట్టు ఆహార నాళాల్లో తిరుగుతూ నెలల తరబడి లక్షణాలు చూపకుండా దాక్కోగలదు, దాన్ని ప్లేటు మీద పెంచడం కూడా సాధ్యం కావడం లేదు కాబట్టి అక్కడ పీసీఆరే దిక్కు. గజ్జి అలాంటిది కాదు. అది సోకిన చోటే ఉంటుంది, మొక్క ఒళ్లంతా పాకదు. వాతావరణం అనుకూలిస్తే వారం పది రోజుల్లో, చలిగా ఉంటే ఇంకొంత ఆలస్యంగా మచ్చ వేసి బయటపడుతుంది. మచ్చ లేని ఆకు తెచ్చి పీసీఆర్ చేస్తే రాలేదన్న ఫలితం మీరు పంపిన ఆ నాలుగు ఆకులకు మాత్రమే వర్తిస్తుంది. పైగా రాగి మందు కొట్టిన మొక్కల మీద చచ్చిన బాక్టీరియా డీఎన్ఏ కూడా బ్యాండ్ ఇవ్వగలదు, అదే మందు వల్ల బతికి ఉన్న కణాలు ప్లేటు మీద పెరగకుండా మొరాయించనూ గలవు. అందువల్ల ధ్రువపత్రం కంటే, లేత చిగురు వచ్చిన ప్రతిసారీ మడిలో వంగి ఆకు వెనకవైపు చూసుకోవడం, మచ్చ కనిపించిన మొక్కను కాల్చివేయడం, పైనుంచి చల్లే నీటికి బదులు మొదట్లో నీళ్లు పెట్టడం మీకు ఎక్కువ మేలు చేస్తాయి.

సమాధానం: పొడుగుసూత్రం

తెల్లకోటు గారు చెప్పినదానితో ఏకీభవిస్తూ జన్యుపరమైన వైపు కొంత చేరుస్తాను.

పీటీహెచ్ఏ కుటుంబం గురించి తెలియకుండా ఈ బాక్టీరియా జన్యువుల జోలికి వెళ్లకూడదని నా అభిప్రాయం. 2002లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు 306 అనే స్ట్రెయిన్ పూర్తి జన్యుక్రమాన్ని ప్రచురించారు. అందులో సుమారు 51.8 లక్షల బేస్ జతల క్రోమోజోము ఒకటి, రెండు ప్లాస్మిడ్లు ఉన్నాయి. పీటీహెచ్ఏ కాపీలు నాలుగూ ఆ ప్లాస్మిడ్ల మీదే ఉన్నాయి. నాలుగింటిలో పీటీహెచ్ఏ4 అసలు దోషి. ఈ జన్యువు తయారు చేసే ప్రొటీను బాక్టీరియా నుంచి సూదిలాంటి నిర్మాణం గుండా మొక్క కణంలోకి దిగి, కేంద్రకంలోకి చేరి, సీఎస్-లాబ్1 అనే మొక్క జన్యువు ముందున్న డీఎన్ఏ వరుసను పట్టుకుని దాన్ని బలవంతంగా పనిచేయిస్తుంది. దాంతో కణాలు ఉబ్బి, లెక్కకు మించి విభజన చెంది, పైపొర పగిలిపోతుంది. పెన్నాతీరం గారు చేత్తో తడిమి గరుకుగా ఉందన్నది ఆ పగులునే. ఆ ప్రొటీను మధ్యభాగంలో 34 అమైనో ఆమ్లాల ముక్క ఒకదాని వెంట ఒకటి పదిహేడున్నర సార్లు వస్తుంది. ప్రతి ముక్కలో 12, 13 స్థానాల్లోని రెండు అమైనో ఆమ్లాలే డీఎన్ఏలో ఏ అక్షరాన్ని పట్టుకోవాలో నిర్ణయిస్తాయి. ఈ సంకేతాన్ని 2009లో ఛేదించారు.

దీనివల్ల వచ్చే ఇబ్బంది చెబుతాను. 34 అమైనో ఆమ్లాలంటే 102 బేస్ జతలు. దాదాపు ఒకేలా ఉన్న 102 బేస్‌ల ముక్కలు వరుసగా పేర్చి ఉన్న జన్యువును, అదీ ఒకే కణంలో నాలుగు కాపీలున్నదాన్ని, 150 బేస్‌ల పొట్టి రీడ్లతో (యంత్రం ఒక్కసారికి చదివే డీఎన్ఏ ముక్కలతో) చదివితే సాఫ్ట్‌వేరు వాటన్నిటినీ ఒకదానిమీద ఒకటి వేసి కుక్కేస్తుంది. పైకి జీనోము పూర్తయినట్టే కనిపిస్తుంది, అసలు చూడవలసిన జన్యువులు మాత్రం చిందరవందరగా ఉంటాయి. అందుకని డబ్బు తక్కువ ఉంటే 11 ఐసొలేట్లనూ పొట్టి రీడ్లతో చదివించకండి. మొక్క పరీక్షలో ఎన్నికైన ఒకటి రెండింటిని పొడవైన రీడ్లు ఇచ్చే నానోపోర్ వంటి పద్ధతితో చదివించండి. మిగిలిన వాటి మధ్య బంధుత్వం చూడాలంటే పునరావృత ముక్కల సంఖ్యను లెక్కించే ఎమ్మెల్వీఏ పద్ధతి ఉంది. ఈ బాక్టీరియా కోసమే 14 స్థానాలతో ఒకటి, 31 స్థానాలతో ఒకటి తయారు చేశారు. ఒకే తోటలోని ఐసొలేట్ల మధ్య చిన్న తేడాలకు మొదటిది, దూరపు వంశాలను పోల్చడానికి రెండోది తగినవి.

మన ప్రాంతం నుంచి వచ్చే సమాచారానికి విలువ ఎందుకో కూడా చెప్పాలి. 'ఏ' పేథోటైపు స్ట్రెయిన్లు ప్రపంచమంతటా దాదాపు ఒకే మూసలో ఉంటాయి. ఏ-స్టార్, ఏ-డబ్ల్యూ గుంపులోనే వైవిధ్యం ఎక్కువ. ఫ్లోరిడాలో దొరికిన ఏ-డబ్ల్యూకు దగ్గరి బంధువులు భారతదేశపు స్ట్రెయిన్లలో కనిపించాయి. ఇంగ్లండులోని క్యూ ఉద్యానవనపు హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల నమూనాల భాండాగారంలో) 1827, 1831 మధ్య భారతదేశంలో సేకరించిన దబ్బ జాతి ఆకు మీద కూడా గజ్జి మచ్చలు ఉన్నాయి. 1937లో మారిషస్‌లో సేకరించి ఎండబెట్టిన ఒక సిట్రస్ ఆకు మచ్చలోంచి ఈ బాక్టీరియా జీనోమును 2021లో పునర్నిర్మించారు. ఆ ద్వీపాలకు ఈ తెగులు 19వ శతాబ్దంలో, బహుశా ఆసియా నుంచి వెళ్లిన ఒప్పంద కూలీల వలసలతో పాటు చేరి ఉంటుందని ఆ పరిశోధకుల అంచనా. ఆ ఓడల్లో మన కోస్తా జిల్లాల వారు కూడా ఉన్నారు కాబట్టి, ఊరగాయకని వెంట తీసుకుపోయిన నిమ్మకాయ ఎవరి మూటలోనైనా ఉండి ఉంటుందా అని చదివినప్పుడు నాకు అనిపించింది. అది నా ఊహే, పరిశోధనాపత్రంలో లేదు.

చివరగా ఒక జాగ్రత్త. ఐసొలేట్లను విదేశీ ప్రయోగశాలకు పంపించే ఆలోచన ఉంటే 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద అనుమతుల సంగతి ముందే కనుక్కోండి. చండీగఢ్‌లో గానీ ఉత్తరప్రదేశ్‌లోని మౌ పట్టణంలో గానీ ఉన్న జాతీయ సూక్ష్మజీవుల నిల్వ కేంద్రాల్లో ఒక నకలు దాచుకోవడం ఇంకా మంచిది. థీసిస్ అయిపోయాక ఫ్రిజ్ చెడిపోయి ఐసొలేట్లన్నీ పోగొట్టుకున్న వారిని చూశాను.

ప్రశ్న అడిగినవారు: పెన్నాతీరం

అందరికీ కృతజ్ఞతలు. ఐదు వారాల తర్వాత తిరిగి రాస్తున్నాను.

ముందుగా నాన్నగారిని అడిగాను. ముసురు నాటికి బత్తాయి మీద లేత చిగురు లేదని, అంతకు నెల ముందే చిగురు ముదిరిందని ఆయన ఆలోచించకుండానే చెప్పారు. అసలు ఆయనను అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు.

బ్యాండ్ రాని ఐసొలేటును మళ్లీ గీసి చూస్తే ప్లేటు మీద రెండు రకాల కాలనీలు వచ్చాయి. ఒకటి మర్నాటికే పెరిగింది, రెండోది మూడో రోజుకు కనిపించింది. తెల్లకోటు గారు చెప్పిన పాంటోయియా వంటిదే మొదటిదని అనుకుంటున్నాను. నెమ్మదిగా పెరిగినదాన్ని విడదీసి డీఎన్ఏ తీస్తే 222 బ్యాండ్ చక్కగా వచ్చింది. మసక బ్యాండ్ వచ్చినదానికి మచ్చ కణజాలం నుంచే నేరుగా డీఎన్ఏ తీశానని నా నోటుపుస్తకంలో రాసి ఉంది. కాలనీ నుంచి తీస్తే దానికీ సరిగ్గానే వచ్చింది.

తెంపిన ఆకుల మీద పరీక్ష చేశాను. చిక్కటి ద్రావణం ఎక్కించిన చోట ఏ బత్తాయి ఆకూ మూడు రోజుల్లో ఎండలేదు. పలచటిది ఎక్కించిన చోట తొమ్మిదో రోజుకు పది ఐసొలేట్లు బత్తాయి మీద తెల్లటి సన్నని పొక్కులు లేపాయి. నిమ్మ మీద అవే పొక్కులు ఆరో రోజుకే వచ్చాయి. కాబట్టి మా తోటలో ఉన్నది చాలావరకు మామూలు 'ఏ' పేథోటైపే. ఏడో సంఖ్య ఐసొలేటు ఒక్కటి బత్తాయి మీద ఏ మార్పూ చూపలేదు. కానీ దానికి వాడిన ఆకు మిగిలిన వాటికంటే ముదురుదని తర్వాత గమనించాను. లేత ఆకుల మీద మూడేసి చొప్పున మళ్లీ పెట్టాను, ఇంకా నాలుగో రోజే నడుస్తోంది. జాప్-ఏజీ ప్రైమర్లు ఆర్డరు పెట్టాను.

సమాధానం: అంట్లమడి

అయితే బత్తాయికి ఈసారి చిగురు వచ్చే ముందే రాగి మందు కొట్టించమని నాన్నగారికి చెప్పండి బాబూ. ఏడో నంబరు సంగతి తేలాక ఇక్కడ రాయండి, నేనూ చూస్తుంటాను.

సమాధానం: తెల్లకోటు

ఏడో ఐసొలేటును నిమ్మ మీద కూడా అదే రోజు, అదే ద్రావణంతో ఎక్కించారా? నిమ్మ మీద కూడా మచ్చ వేయకపోతే అది మళ్లీ మళ్లీ గీతలు గీయడంలో శక్తి కోల్పోయిన ఐసొలేటు కావచ్చు. నిమ్మ మీద వేసి లేత బత్తాయి మీద మూడింటికి మూడూ వేయకపోతే మాత్రం నానోపోర్‌కు పంపవలసింది అదే.